లూపస్: ఇమ్యూనిటీ తక్కువై వచ్చే జబ్బు కాదు.. దానికి బ్రేకు వేసే కణాలు తడబడితే ఏమవుతుంది?

"ఇమ్యూనిటీ పెంచుకోండి".. కరోనా వచ్చినప్పటి నుంచి ఈ మాట వినని తెలుగు ఇల్లు లేదు. కషాయాలు, పొడులు, జింక్ టాబ్లెట్లు, తిప్పతీగ రసం.. అన్నీ ఈ ఒక్క మాట మీదే అమ్ముడుపోయాయి. కానీ కొంతమంది ఒంట్లో సమస్య ఇమ్యూనిటీ తక్కువ కావడం కాదు, అది అదుపు తప్పడం. వైరస్ మీద, బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీద, చర్మం మీద, కిడ్నీల మీద పడుతుంది. అలాంటి జబ్బుల్లో ఒకటి లూపస్. పూర్తి పేరు సిస్టమిక్ లూపస్ ఎరిథెమటోసస్, డాక్టర్లు ఎస్ఎల్ఈ అని రాస్తారు.

ఒంట్లో ఇలాంటి దాడి జరగకుండా అడ్డుకునే కణాలను కనిపెట్టినందుకే 2025లో వైద్య నోబెల్ ఇచ్చారు. అక్టోబరు 6న ముగ్గురి పేర్లు ప్రకటించారు. అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి. ఆ కణాల పేరు రెగ్యులేటరీ టీ సెల్స్. ముద్దుగా టీ-రెగ్స్ అంటారు. నోబెల్ వార్త ఒక్కరోజు స్క్రోలింగ్‌లో వచ్చి పోయింది. కానీ లూపస్ ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఇది ఒక్కరోజుతో అయిపోయే వార్త కాదు.

అసలు ఏంటీ లూపస్?

తెలుగువాళ్లలో చాలామందికి "ఆటో ఇమ్యూన్" అన్న మాట పరిచయమైంది నటి సమంత వల్ల. తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో స్వయంగా చెప్పారు. మయోసైటిస్‌లో దాడి ప్రధానంగా కండరాల మీద జరుగుతుంది. లూపస్ కూడా అదే కుటుంబానికి చెందిన జబ్బు. కాకపోతే దీనికి ఒక్క అవయవం అని లేదు. ఒకరికి కీళ్లు, ఒకరికి చర్మం, ఒకరికి రక్తకణాలు, ఇంకొకరికి కిడ్నీ, గుండె చుట్టూ పొర, మెదడు.. ఎక్కడైనా మొదలవ్వచ్చు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

లూపస్ వచ్చిన ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య. చదువుకునే వయసు, పెళ్లి వయసు, పిల్లల్ని కనే వయసు. ఆడవాళ్లకే ఎందుకు అంటే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక కారణం. రెండో కారణం ఎక్స్ క్రోమోజోమ్. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని జన్యువులు దాని మీదే ఉంటాయి. ఆడవాళ్లకు అవి రెండేసి. వాటిలో టీఎల్ఆర్7 అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు వల్ల స్పెయిన్‌లో ఒక చిన్న పాపకు లూపస్ వచ్చిందని 2022లో శాస్త్రవేత్తలు నిరూపించారు. అందరికీ అలా ఒకే జన్యువుతో రాదు. చాలామందిలో ఎన్నో చిన్న చిన్న కారణాలు కలిసొస్తాయి. ఎండ, ఇన్ఫెక్షన్, కొన్ని మందులు వాటికి నిప్పు పెడతాయి.

ఇక లక్షణాలు చూస్తే మన ప్రాంతంలో వేరే జబ్బులన్నీ గుర్తొస్తాయి. అసలు చిక్కు అక్కడే. వారాల తరబడి సన్నగా జ్వరం, చేతివేళ్ల కీళ్లు వాయడం, ఒళ్లు నొప్పులు.. ఇవి చికున్‌గున్యాకూ ఉంటాయి. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకుంటారు. దోమలకు కొదవలేని కృష్ణా డెల్టాలో ఈ రెండూ అందరికీ తెలిసిన పేర్లే. వానాకాలంలో ముందు ఆ అనుమానం రావడం సహజం కూడా. నీరసం, జుట్టు రాలడం అయితే "రక్తం తక్కువ" అని ఐరన్ టాబ్లెట్లు ఇస్తారు. బుగ్గల మీద, ముక్కు మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ వస్తే మంగు అనుకుని క్రీములు రాస్తారు. ఆ మచ్చ ఎండలోకి వెళ్తే ఎక్కువవుతుందన్న సంగతి ఎవరూ కలిపి చూడరు. మంగుకు, దీనికి ఇంట్లో చూసుకోదగ్గ తేడా ఒకటుంది. లూపస్ మచ్చ ముక్కు పక్క నుంచి పెదవి చివరి దాకా ఉండే ముడతను సాధారణంగా వదిలేస్తుంది.

నొప్పి లేకుండా వచ్చే ప్రమాదం కిడ్నీలది. కిడ్నీ జబ్బు అనగానే ఎన్టీఆర్ జిల్లాలో అందరికీ ఏ.కొండూరు గుర్తొస్తుంది. అక్కడి తండాల్లో ఉన్నది వేరే సమస్య, దానికి లూపస్‌తో సంబంధం లేదు. లూపస్ కిడ్నీ జబ్బులో యాంటీబాడీల ముద్దలు కిడ్నీలోని వడపోత గొట్టాల దగ్గర పేరుకుపోయి వాటిని వాచేలా చేస్తాయి. మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, కాళ్ల వాపు.. ఇవి కనిపించేసరికే కొంత నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

దాడి చేసేవాళ్లు ఉన్నారు సరే.. ఆపేవాళ్లు ఎవరు?

ఇక్కడి నుంచే నోబెల్ కథ మొదలు.

మన రక్తంలో టీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఛాతీలో, గుండెకు పైన ఉండే థైమస్ అనే గ్రంథిలో ఇవి ట్రైనింగ్ అవుతాయి. సొంత శరీరాన్ని శత్రువుగా చూసే కణాలను థైమస్ అక్కడే చంపేస్తుంది. చాలాకాలం వరకు అంతటితో పని అయిపోయిందనుకున్నారు. కానీ ఏ వడపోతా నూటికి నూరు శాతం పనిచేయదు కదా. కొన్ని తప్పుడు కణాలు బయటికి వచ్చేస్తూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మీ ఒంట్లో కూడా ఉంటాయి. మరి అందరికీ ఆటో ఇమ్యూన్ జబ్బులు ఎందుకు రావడం లేదు?

జపాన్‌లో ఒక పాత ప్రయోగం ఉంది. పుట్టిన మూడో రోజున చిట్టెలుకల థైమస్ తీసేస్తే, దాడి చేసే కణాలు తగ్గి ఎలుకలు నీరసపడాలి. జరిగింది తిరకాసు. వాటికి రకరకాల ఆటో ఇమ్యూన్ జబ్బులు వచ్చాయి. సకగుచి ఆ ప్రయోగాన్ని పట్టుకుని వదల్లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల నుంచి తీసిన టీ సెల్స్ ఎక్కిస్తే ఆ జబ్బులు ఆగిపోయాయి. అంటే ఆ టీ సెల్స్‌లో దాడి చేసేవే కాదు, దాడిని ఆపేవి కూడా ఉన్నాయన్నమాట. 1980లలో ఈ మాట చెబితే నమ్మినవాళ్లు తక్కువ. "సప్రెసర్ సెల్స్" అన్న పేరుతో అంతకుముందు వచ్చిన పరిశోధనలు తేలిపోవడంతో ఆ మాటెత్తితేనే నవ్వే పరిస్థితి. 1995లో ఆ కణాలకు గుర్తు దొరికింది. వాటి ఒంటి మీద సీడీ25 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుందని సకగుచి చూపించారు.

రెండో దారి అమెరికాలో మొదలైంది. 1940లలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో కొన్ని మగ ఎలుకలు పొలుసులూడే చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి కొన్ని వారాల్లోనే చనిపోయేవి. వాటికి "స్కర్ఫీ" అని పేరు పెట్టారు. బ్రంకో, రామ్స్‌డెల్ ఒక బయోటెక్ కంపెనీలో పనిచేస్తూ ఆ ఎలుకల్లో చెడిన జన్యువును వెతికారు. ఇప్పుడంటే జన్యుపటం మొత్తం ఫోన్లో చూసుకోవచ్చు, అప్పట్లో అలా లేదు. ఏళ్లు పట్టింది. చివరికి 2001లో దొరికిన జన్యువుకు పెట్టిన పేరు ఫాక్స్‌పీ3. అదే జన్యువు మనుషుల్లో చెడితే మగపిల్లలకు ఐపెక్స్ అనే అరుదైన, ప్రాణాంతకమైన ఆటో ఇమ్యూన్ జబ్బు వస్తుందని కూడా తేలింది. రెండేళ్లలోనే సకగుచి, ఇతరులు ముడి విప్పారు. టీ-రెగ్స్‌ను టీ-రెగ్స్‌గా తయారుచేసేది ఆ ఫాక్స్‌పీ3 జన్యువే.

ఈ కణాలు ఎన్నో ఉండవు. రక్తంలోని సీడీ4 రకం టీ సెల్స్‌లో సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే.

విజయవాడ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే కాలువల మీద ఉండే లస్కర్లను గుర్తుచేసుకోండి. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువలోకి నీళ్లు వదిలితే సరిపోదు. ఎక్కడికక్కడ తూము దగ్గర షట్టర్ ఎత్తేవాడు, దించేవాడు ఉండాలి. లేకపోతే ఎగువ చేలు మునుగుతాయి, శివారు భూములు ఎండుతాయి. నీళ్లు మంచివే, అవి లేకుండా డెల్టానే లేదు. కానీ గట్టు తెగిన నీళ్లు ఏం చేస్తాయో 2024 సెప్టెంబరులో బుడమేరు చూపించింది. ఇమ్యూనిటీ కూడా అంతే. టీ-రెగ్స్ మన ఒంట్లో లస్కర్లు.

లూపస్‌లో ఈ లస్కర్లకు ఏమైంది?

ఇక్కడ సోషల్ మీడియాలో తిరిగే మాట ఒకటి సరిచేయాలి. "లూపస్ ఉన్నవాళ్లకు టీ-రెగ్స్ ఉండవు, అందుకే జబ్బు" అని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. అంత సింపుల్ కాదు. ఐపెక్స్ పిల్లల్లో అది నిజం. లూపస్‌లో మాత్రం టీ-రెగ్స్‌ను లెక్కపెట్టిన పరిశోధనలు ఒకదానికొకటి పొసగవు. కొన్నింటిలో తక్కువ ఉన్నాయి, కొన్నింటిలో మామూలుగానే ఉన్నాయి, కొన్నింటిలో ఎక్కువ కూడా ఉన్నాయి. కారణం ఏమిటంటే ఏ గుర్తును బట్టి లెక్కపెట్టారన్నది. లూపస్ ఉన్నవాళ్ల రక్తంలో ఫాక్స్‌పీ3 ఉండి, సీడీ25 మాత్రం తక్కువగా ఉన్న కణాలు బాగా కనిపిస్తాయి. వాటిని లెక్కలో కలిపితే ఎక్కువ, తీసేస్తే తక్కువ.

ఆ సీడీ25 అన్నది ఉత్త గుర్తు కాదు. అది కణానికి తిండి అందించే నోరు లాంటిది. ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనాన్ని, అంటే ఐఎల్-2ను, అది గట్టిగా పట్టుకుంటుంది. టీ-రెగ్స్ బతకాలంటే ఐఎల్-2 కావాలి. చిత్రం ఏమిటంటే వాటికి దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం రాదు. పక్కనున్న మామూలు టీ సెల్స్ తయారుచేస్తే తీసుకోవాలి. లూపస్ ఉన్నవాళ్ల టీ సెల్స్ ఐఎల్-2ను తక్కువగా తయారుచేస్తాయన్నది దశాబ్దాలుగా తెలిసిన విషయం. అంటే తూము దగ్గర లస్కర్ ఉన్నాడు. కానీ అతనికి కొన్ని నెలలుగా జీతం అందడం లేదు. మనిషి ఉన్నా పని జరగదు.

ఇంకో వైపు నుంచి కూడా ఒత్తిడి ఉంది. లూపస్‌లో ఇంటర్‌ఫెరాన్ లాంటి రసాయనాలు ఎక్కువగా తిరుగుతుంటాయి. అవి మామూలుగా వైరస్ వచ్చినప్పుడు మోగాల్సిన సైరన్లు. ఇక్కడ వైరస్ లేకుండానే మోగుతూ ఉంటాయి. ఆ గోలలో టీ-రెగ్స్ ఆగమన్నా దాడి చేసే కణాలు వినిపించుకోవు. దాంతో బీ సెల్స్ అనే ఇంకో రకం కణాలు సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు తయారుచేస్తాయి. యాంటీ డీఎస్-డీఎన్ఏ అని ల్యాబ్ రిపోర్టులో కనిపించేది అదే.

బీ సెల్స్ అన్నీ చెడ్డవని కాదు. వాటిలోనూ బ్రేకు వేసేవి ఉన్నాయి, వాటిని బీ-రెగ్స్ అంటారు. లూపస్ ఉన్నవాళ్లలో ఆ బీ-రెగ్స్ కూడా సరిగా పనిచేయడం లేదని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో చూపించారు. ఇలా చూస్తే లూపస్‌లో ఒక్క బ్రేకు కాదు, చాలా బ్రేకులు ఒకేసారి వదులవుతున్నాయి.

ఈ విషయాల్లో చాలావరకు ముందు ఎలుకల్లోనే తెలిశాయి. న్యూజిలాండ్‌లో పెంచిన నల్ల ఎలుకను, తెల్ల ఎలుకను జతకడితే పుట్టే పిల్లలకు లూపస్ లాంటి జబ్బు దానంతట అదే వస్తుంది. డీఎన్ఏ మీద యాంటీబాడీలు, కిడ్నీలు చెడటం, అదీ మగవాటి కంటే ఆడవాటికి ముందు. మనుషుల్లో చూసే కథే. ఆ ఎలుకలకు బయట పెంచిన టీ-రెగ్స్ ఎక్కిస్తే కిడ్నీ జబ్బు నెమ్మదించింది. అయితే ఎలుకలో నయమైన జబ్బులు మనిషి దగ్గరికి వచ్చేసరికి మొండికేయడం మెడికల్ రీసెర్చ్‌లో రోజూ జరిగేదే.

మరి దీంతో మందు తయారైందా?

సూటిగా చెప్పాలంటే ఇంకా లేదు. దారిలో ఉంది.

అన్నిటికంటే ముందుకు వెళ్లిన ఆలోచన చాలా తేలికైనది. లస్కర్‌కు జీతం అందడం లేదు కాబట్టి జీతం ఇద్దాం. ఐఎల్-2ను పెద్ద డోసులో క్యాన్సర్‌కు ఎప్పటి నుంచో వాడుతున్నారు. అక్కడ దాని పని దాడిని పెంచడం. కానీ టీ-రెగ్స్ మీద సీడీ25 ఎక్కువ ఉంటుంది కాబట్టి చాలా చిన్న డోసు ఇస్తే అది ముందు వాటికే చేరుతుంది. అదే మందు పెద్ద డోసులో యాక్సిలరేటర్, చిన్న డోసులో బ్రేకు.

చైనాలో లూపస్ ఉన్న 60 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు చిన్న డోసు ఐఎల్-2, మరో గుంపుకు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఫలితాలు 2020లో వచ్చాయి. 12 వారాల తర్వాత మెరుగైనవాళ్లు మందు తీసుకున్న గుంపులో సుమారు 55 శాతం, తీసుకోని గుంపులో 30 శాతం. చూడటానికి పెద్ద తేడానే. కానీ అంత చిన్న ట్రయల్‌లో ఇది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి పెట్టుకున్న గీతను వెంట్రుకవాసిలో అందుకోలేకపోయింది. 24 వారాలకు తేడా ఇంకొంచెం స్పష్టంగా కనిపించింది. టీ-రెగ్స్ మాత్రం పెరిగాయి. అందుకే దీన్ని విజయం అనలేం, వైఫల్యం అనీ అనలేం.

రెండో ఆలోచన.. పేషెంట్ రక్తం నుంచి టీ-రెగ్స్ తీసి, ల్యాబ్‌లో కోట్లలో పెంచి మళ్లీ ఎక్కించడం. చర్మ లూపస్ ఉన్న ఒకే ఒక్క పేషెంట్‌కు ఇలా చేసిన వివరాలను అమెరికా డాక్టర్లు 2019లో ప్రచురించారు. ఎక్కించిన కణాలు రక్తంలో ఎక్కువ కాలం నిలవలేదు. చర్మంలో మాత్రం మార్పు కనిపించింది. ఒక్కరితో ఏదీ తేలదు. కానీ టీ-రెగ్స్ పనిచేయాల్సిన చోటు రక్తం కాదు, దెబ్బతిన్న కణజాలం అని అది గుర్తుచేసింది.

ఇక వార్తల్లో ఎక్కువగా వస్తున్నది కార్-టీ. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మందులేవీ పనిచేయని 20 ఏళ్ల అమ్మాయికి 2021లో ఈ చికిత్స చేశారు. 2022 నాటికి అలాంటి ఐదుగురిలో లూపస్ అణిగిపోయి మందులు ఆపగలిగారు. ఇది టీ-రెగ్ చికిత్స కాదు. యాంటీబాడీలు తయారుచేసే బీ సెల్స్‌ను తుడిచిపెట్టి, వ్యవస్థను మళ్లీ మొదటి నుంచి కట్టుకోనివ్వడం. మన దేశంలో ఐఐటీ బాంబేలో పుట్టిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, అది మాత్రం కొన్ని రక్త క్యాన్సర్లకు. "లూపస్‌కు స్టెమ్ సెల్స్‌తో శాశ్వత పరిష్కారం, ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే డబ్బు కట్టే ముందు మీ రుమటాలజిస్ట్‌ను ఒక్క మాట అడగండి. నిజమైన ట్రయల్‌లో ప్రయోగ మందుకు పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు.

ఇప్పుడు వాడుతున్న మందుల సంగతి

కొత్తవి వచ్చేవరకు చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పని లేదు. ఉన్న మందులు సరిగ్గా వాడితే చాలామంది చదువు, ఉద్యోగం, పిల్లలు అన్నీ చూసుకుంటున్నారు.

అన్నిటికీ పునాది హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది పాత మలేరియా మందు. 2020 మార్చిలో కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారంతో జనం మెడికల్ షాపుల మీద పడ్డారు. కేంద్రం అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. కరోనాకు అది పనిచేయలేదు. రోజూ అది వేసుకోవాల్సిన లూపస్ పేషెంట్లు మాత్రం షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఈ మందు జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా చూస్తుంది. గర్భిణులు కూడా ఆపక్కర్లేదు. ఏళ్ల తరబడి వాడేవాళ్లు కంటి పరీక్ష మాత్రం డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి.

రెండోది స్టెరాయిడ్. మంటను వేగంగా ఆర్పుతుంది, ప్రాణం నిలబెడుతుంది. ఇబ్బంది అంతా అది ఇచ్చే హాయిలోనే ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు చిన్న బిళ్లలు వేసుకోగానే కీళ్ల నొప్పులు మాయమవుతాయి. ఏ జబ్బో తెలియకుండానే నెలలు గడిచిపోతాయి. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. అప్పుడు భయపడి ఒక్కసారిగా ఆపేస్తారు. అది ఇంకా ప్రమాదం. చాలాకాలం స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సొంతంగా ఆ హార్మోన్ తయారీ నిద్రపోయి ఉంటుంది. బీపీ పడిపోయి ఎమర్జెన్సీ వార్డుకు వెళ్లాల్సి రావచ్చు. తగ్గించడం అంటే డాక్టర్ చెప్పిన లెక్కలో కొద్దికొద్దిగా తగ్గించడమే.

మెథోట్రెక్సేట్ గురించి చెబితే భీమవరం పేరు రావాల్సిందే. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందానికి నాయకుడు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు కూడా అక్కడి నుంచే వచ్చాయి, మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మొదట పిల్లల రక్త క్యాన్సర్ కోసం వచ్చిన మందుల కుటుంబం ఇది. ఇప్పుడు చిన్న డోసులో కీళ్లవాతానికి, లూపస్ కీళ్ల నొప్పులకు వాడుతున్నారు. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా రాస్తారు. చీటీలో పక్కపక్కన ఉండే ఆ రెండు పేర్లకూ ఒకే తెలుగాయన ల్యాబ్‌తో చుట్టరికం. ఒక్క జాగ్రత్త: కీళ్లకు ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ మందు వాడకూడదు.

కిడ్నీ దెబ్బతింటే మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి ఇస్తారు. ఇవి ఇమ్యూనిటీని మొత్తంగా అణచేస్తాయి. తూము దగ్గర లస్కర్ పనిచేయనప్పుడు బ్యారేజీ దగ్గరే నీళ్లు ఆపేయడం లాంటిది. పొలం మునగదు, కానీ ఇన్ఫెక్షన్లతో పోరాడే నీళ్లు కూడా ఆగిపోతాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ భయం చిన్నది కాదు. అందుకే టీ-రెగ్స్ మీద ఇంత ఆశ. మొత్తం ఆపకుండా, ఆపాల్సినచోట మాత్రమే ఆపగలిగితే బావుంటుందని.

తిప్పతీగ తాగొచ్చా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని అక్కడి డాక్టర్లు 2021లో ప్రచురించారు. వాళ్లలో కొందరికి ఆటో ఇమ్యూన్ జబ్బుల లక్షణాలు అప్పటికే ఉన్నాయి. ఇమ్యూన్ వ్యవస్థను రెచ్చగొట్టడం వల్లే ఇలా జరిగి ఉండొచ్చని వాళ్ల అనుమానం. తిప్పతీగ సురక్షితమేనని, వాళ్లు వాడింది ఏ మొక్కో సరిగా తేల్చలేదని ఆయుష్ శాఖ దాన్ని ఖండించింది. ఆ వాదన ఎటు తేలినా లూపస్ పేషెంట్ విషయంలో లెక్క వేరు. దాడి చేసే కణాలు ఇప్పటికే ఎక్కువ ఉత్సాహంగా ఉన్న ఒంట్లోకి "ఇమ్యూనిటీ బూస్టర్" అని రాసిన ఏ సీసా అయినా డాక్టర్‌కు చెప్పకుండా వెళ్లకూడదు. వ్యాక్సిన్లు ఆ లెక్కలోకి రావు. ఫ్లూ, నిమోనియా టీకాలు లూపస్ ఉన్నవాళ్లకు డాక్టర్లే వేయిస్తారు. బతికున్న క్రిములతో చేసే కొన్ని టీకాలకు మాత్రం ముందు అడగాలి.

ఏ పరీక్షలు, ఎక్కడికి వెళ్లాలి?

ముందు చేసేది ఏఎన్ఏ. లూపస్ ఉన్న దాదాపు అందరికీ ఇది పాజిటివ్ వస్తుంది. కానీ దీన్ని తిరగేసి చదవకూడదు. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చిన అందరికీ లూపస్ ఉన్నట్టు కాదు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి వస్తుంది. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో ఆ ఒక్క గీత చూసి రాత్రంతా గూగుల్ చేసి ఏడ్చేవాళ్లు ఎక్కువయ్యారు. లక్షణాలతో కలిపి చూస్తేనే దానికి అర్థం. తర్వాత యాంటీ డీఎస్-డీఎన్ఏ, సీ3, సీ4, రక్తకణాల లెక్క, క్రియాటినిన్ చూస్తారు. టీ-రెగ్స్ లెక్కపెట్టించుకోవాల్సిన అవసరం ప్రస్తుతం ఏ పేషెంట్‌కూ లేదు. అది పరిశోధన ల్యాబ్‌ల పని.

చూపించుకోవాల్సింది రుమటాలజిస్ట్‌కు. "కీళ్ల డాక్టర్" అంటే చాలామంది ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఈ ఒక్క గందరగోళంతోనే ఎంతోమందికి టైమ్ పోతోంది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. విజయవాడ, గుంటూరుల్లో ప్రైవేటుగా చూసే రుమటాలజిస్టులు ఉన్నారు. అంతదూరం వెళ్లలేనివాళ్లు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని అక్కడి నుంచి రాయించుకోవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్సకు వీలుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

ఎండ గురించి ఒక మాట. బెజవాడ ఎండలో లూపస్‌తో బతకడం నిజంగా కష్టం. రోహిణీకార్తెలోనే కాదు, మబ్బు పట్టిన రోజు కూడా అల్ట్రావయొలెట్ కిరణాలు పడుతూనే ఉంటాయి. ఆ కిరణాలకు చర్మ కణాలు చనిపోయి లోపలి డీఎన్ఏ బయటపడుతుంది. దాన్ని చూసి యాంటీబాడీలు ఎగబడతాయి. ఎండలోకి వెళ్తే జ్వరం వచ్చేది అందుకే. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు స్కార్ఫ్, పొడుగు చేతుల గ్లోవ్స్ వేసుకుంటారు కదా, అవి ఇక్కడ మందుతో సమానం. ఎస్పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ కూడా. కానీ నాట్లకో, కలుపుకో వెళ్లే కూలీకి "ఎండలోకి వెళ్లొద్దు" అని చీటీ మీద రాస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆమెకు పనికొచ్చే సలహా వేరు. తెల్లవారుజామున మొదలుపెట్టి పదిలోపు పని ముగించుకోవడం, పొడుగు చేతుల కాటన్ చొక్కా, తలకు తువ్వాలు, దాని మీద టోపీ. మందు మానకపోవడం. డాక్టర్లు ఆ పని వేళలు కూడా అడిగి రాస్తే బావుంటుంది.

పెళ్లి, పిల్లల విషయంలో ఇళ్లల్లో ఎక్కువ భయం ఉంది. లూపస్ అంటువ్యాధి కాదు. తల్లికి ఉందని బిడ్డకు తప్పకుండా రావాలనీ లేదు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉన్నాక, గర్భానికి పనికిరాని మందులు ముందే మార్చుకుని ప్లాన్ చేసుకుంటే చాలామంది క్షేమంగా బిడ్డను కంటున్నారు. యాంటీ-రో అనే యాంటీబాడీ ఉన్న తల్లులకు మాత్రం కడుపులో బిడ్డ గుండె వేగాన్ని స్కాన్‌లో ప్రత్యేకంగా చూడాలి. ఈ సంగతి గైనకాలజిస్ట్‌కు మొదటి విజిట్‌లోనే చెప్పాలి. అత్తగారింట్లో తెలుస్తుందని లూపస్ ఫైలు పుట్టింట్లో దాచిపెట్టి వెళ్లే అమ్మాయిల విషయంలో ఈ ఒక్క పరీక్షే మిస్సవుతుంది.

ఇప్పటికే లూపస్ ఉందని తెలిసినవాళ్లు మూడు నెలలకోసారైనా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి. రక్త పరీక్షలతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో అయ్యేది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదనిపించిన నెలలో కూడా.